ఆకుల కప్పు ఏస్తె ఎకో అయితదా? మెక్సికోల మసుంతె ఊరు చెప్పే లెక్క

ఈ మధ్య రోడ్డు మలుపుకో బోర్డు కనవడ్తున్నది. ఎకో రిసార్ట్, ఎకో స్టే, ఎకో విలేజ్. నాలుగు వెదురు బొంగులు పాతి, మీద గడ్డి కప్పి, ముంగట స్విమ్మింగ్ పూల్ తవ్వి, రాత్రంతా డీజే పెట్టినా దాని పేరు ఎకోనే. శనివారం పట్నం నుంచి కార్లు వస్తయి, ఆదివారం పొద్దుమీకి తిరిగి పోతయి. ఊరికేం మిగిలింది అని అడిగితె నలుగురు పోరగాళ్లకు వాచ్‌మెన్ కొలువు, చెరువు కట్ట కింద ఖాళీ సీసాలు.

మరి ఎకో అంటె ఏంది? అది కప్పుల ఉంటదా, కరెంటుల ఉంటదా, ఇంకెక్కడన్న ఉంటదా? ఈ ముచ్చట సమజ్ కావాలంటె నేను నాలుగు దినాలు ఉండొచ్చిన ఒక ఊరి కథ చెప్పాలె. ఆ ఊరు మన దిక్కు కాదు, మెక్సికో దేశంల పసిఫిక్ సముద్రం ఒడ్డున ఉన్నది. పేరు మసుంతె.

2018 నవంబర్‌ల దేశీ విత్తనాలు కాపాడే రైతుల మీటింగు ఒకటి ఉంటె మెక్సికో పోయిన. మీటింగు అయినంక, అక్కడ మాకు మాటలు తర్జుమా చేసిన కాలేజీ పిల్ల వాళ్ల మేనత్త వాళ్లు ఉండే ఊరికి తోలుకపోయింది. వహాకా రాష్ట్రం రాజధాని నుంచి వ్యాన్‌ల ఆరు గంటల పైన పట్టింది. దారంతా గుట్టలు, మలుపులు. పొచుత్లా అనే చిన్న టౌన్‌ల దిగి, వెనక బల్లలు ఏసిన ట్రాలీ ఆటో అసొంటి బండి ఎక్కినం. గంపలతోటి ఆడోళ్లు, బడి పిల్లలు, కోళ్లు, మేము. అట్ల సముద్రం కాడికి చేరినం.

తాంబేలును కోసి బతికిన ఊరు

మసుంతె అంటె ఏందని అడిగితె, నాహువాట్ల్ అనే వాళ్ల పాత భాషల "ఇక్కడ గుడ్లు పెట్టు" అని అర్థం వస్తదని ఊరోళ్లు చెప్తరు. తాంబేలును బతిలాడుతున్నట్టు ఉన్నది కదా ఆ పేరు. ఆ తీరం పొంటి ఆలివ్ రిడ్లే తాంబేళ్లు గుంపులు గుంపులుగ వచ్చి ఇసుకల గుడ్లు పెడ్తయి. అట్ల ఒక్కసారే వేలకు వేలు ఒడ్డెక్కుడును వాళ్లు "అర్రిబాద" అంటరు. మసుంతెకు కొంత దూరంల ఎస్కొబీయా అనే బీచ్ ఉన్నది. ఒక మంచి సీజన్ల అక్కడ పది లక్షల పైన గూళ్లు పడ్తయి. ఒక్కో గూట్లె దగ్గర దగ్గర నూరు గుడ్లు.

కని ఆ ఊరు తాంబేలును బతిలాడి బతకలే, కోసి బతికింది. మసుంతె పక్కన్నే ఉన్న సాన్ అగుస్తినీయో ఊళ్లె తాంబేళ్లను కోసే కార్ఖానా ఉండేది. సముద్రంల పట్టుడు, ఒడ్డుకు తెచ్చుడు, కోసుడు. తోలు చెప్పులకు, సంచులకు విదేశాలకు పోయేది. మాంసం, నూనె కూడా అమ్మేటోళ్లు. సీజన్ల వేలకు వేలు కోసిండ్రు. ఆ చుట్టుపక్కల ఊర్లకు అదే కూలి, అదే బువ్వ. తోలు కొన్నోడు ఎక్కడనో ఉన్నడు, నెత్తురు అంటింది మాత్రం ఈ ఊరి చేతులకు.

1990 మే నెల ఆఖర్ల మెక్సికో ప్రభుత్వం సముద్రపు తాంబేళ్లను పట్టుడు మొత్తానికే బంద్ పెట్టింది. మంచి పనే. ఆ చట్టం రాకపోతె ఈపాటికి ఆ తీరంల తాంబేలు బొమ్మల్లనే కనవడేది. కని చట్టం వచ్చిన తెల్లారి పొయ్యి మీద ఏం పెట్టాలె? ఆ ప్రశ్నకు చట్టంల జవాబు లేదు.

ఇది ఒక్క మెక్సికో గోస కాదు. అదే ఆలివ్ రిడ్లే తాంబేలు మన శ్రీకాకుళం, విశాఖ ఒడ్డుకు కూడా వస్తది. పక్కన ఒడిశాల గహిర్మఠ, రుషికుల్య కాడ లక్షల్ల వస్తయి. అక్కడ తాంబేళ్లు వచ్చే జాగల ఏటా నవంబర్ నుంచి మే దాంక, ఏడు నెలలు, చేపల వేట బంద్ ఉంటది. తాంబేలును కాపాడాలె, అండ్ల రెండో మాట లేదు. ఆ ఏడు నెలలు వల పక్కకు పెట్టినోని ఇంటిని ఎవరు కాపాడాలె అనేది రెండో సగం. మొదటి సగం అన్ని సర్కార్లకు యాదికుంటది, రెండో సగం మర్చిపోతరు.

మసుంతె ఆ రెండో సగాన్ని తనే పట్టుకున్నది. 1991ల ఊరు సభ పెట్టుకొని, ఇది రైతుల పర్యావరణ రిజర్వు అని తనకు తానే ప్రకటించుకున్నది. 1994ల అక్కడ జాతీయ తాంబేళ్ల కేంద్రం తెరిచిండ్రు. ఆ కేంద్రంల కొందరికి పని దొరికింది. అదే దశకంల ఆడోళ్లు, మొగోళ్లు కలిసి కొబ్బరి నూనె, నువ్వుల నూనె, తేనె మైనంతోటి సబ్బులు, క్రీములు చేసే సహకార సంఘం పెట్టుకున్నరు. ఇంగ్లండ్‌ల బాడీ షాప్ కంపెనీ పెట్టిన అనీతా రాడిక్ దానికి చేయూత ఇచ్చింది. ఆ సంఘం దుకాణం నేను పోయినప్పుడు కూడ నడుస్తున్నది. మిగిలినోళ్లు ఇంటెనక జాగల రెండు అర్రలు ఏసి, వచ్చిపోయేటోళ్లను ఉంచుకునుడు మొదలువెట్టిండ్రు. చిన్న చిన్న ఎకో లాడ్జీలు అట్ల పుట్టినయి. ఫ్యాషన్ కోసరం పెట్టినయి కావు, బువ్వ కోసరం పెట్టినయి.

నేనున్న లాడ్జి ఎట్ల నడుస్తది

నేనున్నది ఆరు అర్రల లాడ్జి. మట్టి గోడలు, తాటి జాతి చెట్టు ఆకుల కప్పు. వాళ్లు "పలాపా" అంటరు. కొన్నేండ్లకోసారి ఆకు మార్చాలె, మార్చేటోళ్లు ఆ ఊరోళ్లే. అంటె కప్పు మార్చిన పైసలు ఊళ్లెనే ఉంటయి. అదే సిమెంటు రేకులైతె పైసలు ఫ్యాక్టరీకి పోతయి. ఏసీ లేదు. గోడకు, కప్పుకు నడుమ జానెడు సందు ఇడిచిపెట్టిండ్రు, సముద్రం గాలి అండ్ల నుంచి వచ్చిపోతది. దోమతెర ఉన్నది, అది లేకుంటె బతకలేం.

నాకు మస్తు నచ్చింది వాళ్ల సండాసు. నవ్వకుండ్రి, అసలు ముచ్చట ఆడనే ఉన్నది. అండ్ల నీళ్లు పొయ్యరు. కూసునే పీట ముందటి భాగంల మూత్రం వేరే పైపుల పోతది. దాన్ని నీళ్లల్ల కలిపి చెట్లకు పోస్తరు. వెనక భాగంల పడ్డది కింద అర్రల పడ్తది. పని అయినంక పక్క బకెట్ల నుంచి ఒక గిన్నెడు బూడిద, సున్నం, రంపపు పొట్టు కలిపిన పొడి ఏయాలె. తడి లేదు, మూత్రం కలువది, కాబట్టి వాసన లేదు, ఈగలు లేవు. కింద అర్రలు రెండుంటయి. ఒకటి నిండినంక మూసేసి, రెండోది వాడుకుంటరు. మూసింది నెలలకు నెలలు ఎండి మట్టి లెక్క అయితది. అప్పుడు తీసి చెట్ల మొదట్ల ఏస్తరు.

ఎందుకింత తిప్పలు? అది ఇసుక నేల. భూమిల నీళ్లు మీదికే ఉంటయి. అట్లాంటి జాగల గుంత తవ్వి మామూలు లెట్రిన్ కడితె, ఆ మురికి పక్కింటి బాయిలకు, ఆడికెళ్లి మడుగులకు, సముద్రంలకు పోతది. వంద అర్రల హోటల్ ఉంటె ఎంత పోతదో లెక్క ఏసుకోండ్రి. నీళ్లు కూడ అక్కడ తక్కువనే. ఎండకాలం ట్యాంకర్ కొనాలె. ఒక్కసారి ఫ్లష్ కొడితె ఆరు లీటర్ల పైన పోతయి. నీళ్లు లేని సండాసు అంటె ఆ నీళ్లు ఊరికి మిగిలినట్టే. తానం చేసిన నీళ్లు గూడ వదలరు, అవి అరటి గడ్డల కాడికి పోతయి. అందుకే అక్కడ మామూలు షాంపూ వాడనియ్యరు. సంఘం చేసిన సబ్బే వాడాలె.

రాత్రి సముద్రం దిక్కు లైట్లు ఏయరు. దీనికి కూడ లెక్క ఉన్నది. గుడ్డు పగిలి బయటికొచ్చిన తాంబేలు పిల్ల వెలుతురున్న దిక్కు పాకుతది. మామూలుగ రాత్రి పూట సముద్రం మీదనే వెలుతురు ఎక్కువ కనవడ్తది, కాబట్టి నీళ్లల్లకు పోతది. ఒడ్డు మీద ట్యూబ్‌లైటు వెలిగితె, పిల్ల హోటల్ దిక్కు, రోడ్డు దిక్కు పాకి, తెల్లారేసరికి ఎండకు సచ్చిపోతది. వెయ్యి పిల్లలల్ల ఒకటి పెద్దదయితె ఎక్కువ అంటరు. ఆ ఒక్కటి కూడ మన బల్బు కింద పోవద్దు.

లాడ్జి నడిపేది ఆ పిల్ల మేనత్త. అందరు ఆమెను "దొన్యా" అంటరు, మన దిక్కు పెద్దమ్మా అన్నట్టు. ఆమె చెల్లెలు వంట చేస్తది. మొక్కజొన్న రొట్టె, నల్ల చిక్కుడు గింజల పప్పు, పొద్దున పట్టిన చేప. తమ్ముడు పడవ నడుపుతడు. రాత్రికి 350 పెసోలు తీసుకున్నరు, అప్పటి మన పైసల్ల పన్నెండు వందల పైన. ఆ పైసలు ఎటు పోయినయో ఆ నాలుగు దినాలల్ల కండ్ల ముంగటనే చూసిన. చేప పట్టినోనికి, మొక్కజొన్న పిండి మర నడిపేటామెకు, బట్టలు ఉతికే పిల్లకు, పడవకు. ఎవ్వల ఇల్లు చూసినా నడిచిపోయే దూరంలనే ఉన్నది.

మొసళ్ల మడుగు ముచ్చట

మసుంతెకు పక్కన్నే వెంతనీయా అనే ఇంకా చిన్న ఊరున్నది. అక్కడ సముద్రం పక్కన మడ అడవి, మడుగు, అండ్ల మొసళ్లు. ఊరి కుటుంబాలు సహకార సంఘం పెట్టుకొని ఆ మడుగు చూపిస్తరు. పడవకు ఇంజన్ ఉండదు, తెడ్డు ఏసుకుంట పోవుడే. చప్పుడుకు పిట్టలు లేవొద్దు, డీజిల్ నీళ్లల్ల పడొద్దు. 1997 అక్టోబర్‌ల పాలీన్ అనే తుఫాన్ వచ్చి ఆ మడ అడవిని నాశనం చేసింది. సంఘమే నర్సరీ పెట్టి, మడ మొక్కలు మళ్ల నాటింది. ఆ చెట్ల నీడల పడవల కూసుంటె మనకు అడవి ఎప్పటి నుంచో ఉన్నట్టు అనిపిస్తది. అది ఊరు పెంచిన అడవి.

ఇసుకల కంచె కట్టి గుడ్లు కూడ కాపాడుతరు. కుక్కలు, దొంగలు తీస్కపోయే జాగల ఉన్న గుడ్లను తెచ్చి కంచె లోపట పాతుతరు. నలభై అయిదు, యాభై దినాలకు పిల్లలు వస్తయి. పొద్దుమీకినంక వచ్చినోళ్ల చేతికి ఒక బుర్ర ఇస్తరు, అండ్ల పిల్ల ఉంటది. చేతితోటి ముట్టుకోనియ్యరు. ఇసుక మీద పెడితె అదే నడిచి నీళ్లల్లకు పోవాలె. సెల్ఫీ కోసరం నీళ్లల్ల ఇడిచిపెడ్త అన్న టూరిస్టును అక్కడి పోరడు గట్టిగనే కసిరిండు. అతని వయసు పదిహేడో పద్దెనిమిదో. ఆ కసురుట్ల యజమాని గొంతు ఉన్నది. కొలువు చేసేటోని గొంతు అట్ల ఉండదు.

అసలు కిటుకు భూమిల ఉన్నది

ఆ పోరనికి ఆ గొంతు యాడికెళ్లి వచ్చింది? భూమికెళ్లి వచ్చింది.

మెక్సికోల 1910 తర్వాత పెద్ద రైతుల విప్లవం నడిచింది. 1917 రాజ్యాంగం 27వ ఆర్టికల్ల భూమి మీద ఊరి హక్కు రాసిండ్రు. అట్ల వచ్చినయే ఎహీదో భూములు. ఇవి కాక, పాత ఆదివాసీ ఊర్ల ఉమ్మడి భూములు వేరే ఉన్నయి. రెండూ కలిపితె ఆ దేశం భూమిల సగం దాంక ఉంటది. మసుంతె ఉన్నది ఉమ్మడి భూమి మీదనే. ఆడ ఇల్లు కట్టుకునే హక్కు ఉంటది, దున్నుకునే హక్కు ఉంటది. బయటోనికి రిజిస్ట్రీ చేసి అమ్మే హక్కు ఉండదు. దానికి తోడు, తీరం నుంచి 50 కిలోమీటర్ల లోపట విదేశీయులు నేరుగ భూమి కొనొద్దని అదే ఆర్టికల్ చెప్తది.

మన ఏజెన్సీల 1/70 చట్టం ఉన్నది కదా, ఆదివాసీ భూమి ఆదివాసీ కానోళ్లకు పోవద్దని. దాని అన్నదమ్ముడు అనుకోండ్రి. మన కాడ ఆ చట్టానికి ఎన్ని బొందలు పెట్టిండ్రో, బినామీ పేర్లతోటి ఎన్ని లాడ్జీలు లేచినయో ఏజెన్సీల తిరిగినోళ్లకు ఎరుకే. వాళ్ల కాడ కూడ బొందలు పెట్టిండ్రు. 1992ల ఆ 27వ ఆర్టికల్‌ను మార్చి, ఎహీదో భూమిని సభ ఒప్పుకుంటె సొంత పట్టా చేసుకోవచ్చని, తర్వాత అమ్ముకోవచ్చని దారి తెరిచిండ్రు.

భూమి పోతె ఏమయితదో చూడాలంటె దూరం పోవుడు అక్కెర లేదు. అదే తీరంల, మసుంతె నుంచి బండి మీద గంట, గంటన్నర పోతె వతుల్కో వస్తది. 1974ల మెక్సికో ప్రభుత్వం ఫొనాతూర్ అని టూరిజం సంస్థ పెట్టింది. పెద్ద పేరున్న కాన్‌కూన్ కూడ దాని ప్లాన్‌ల భాగమే. అదే సంస్థ కోసరం 1984ల వతుల్కో కాడ దాదాపు 21 వేల హెక్టార్ల ఊరుమ్మడి భూమిని సర్కారు గుంజుకున్నది. ఒడ్డున ఉన్న మత్స్యకారుల ఇండ్లను అక్కడికెళ్లి లేపి, లోపటికి జరిపిండ్రు. ఇప్పుడు ఆడ పెద్ద హోటళ్లున్నయి, విమానాలు దిగుతయి, వీధులు అద్దం లెక్క ఉంటయి. వతుల్కో కూడ తనను తాను పర్యావరణ టూరిజం అనే చెప్పుకుంటది. నేను ఒప్పుకుంట, చెట్లు ఉన్నయి, నీళ్లు శుద్ధి చేస్తరు. కని ఒకప్పుడు ఆ ఒడ్డు ఎవరిదో, వాళ్ల మనుమలు ఇప్పుడు ఆ హోటళ్లల్ల పక్కలు పరుస్తున్నరు.

ఒకటే సముద్రం, ఒకటే తాంబేలు, ఒకటే రాష్ట్రం. ఒక కాడ భూమి ఊరిది, ఇంకో కాడ భూమి సంస్థది. తేడా కప్పుల లేదు.

సొర్గం ఏం కాదు

మసుంతెను ఎత్తి నెత్తిన పెట్టుకొమ్మని నేను చెప్తలేను. అక్కడ కూడ మస్తు గోస ఉన్నది. 2015ల సర్కారు ఆ ఊరికి "మాయా ఊరు" అన్నట్టు ఒక బిరుదు ఇచ్చింది, టూరిజం కోసరం. ఆ బిరుదు తోటి జనం ఎక్కువైండ్రు, చెత్త ఎక్కువైంది. భూమి అమ్మరాదు, కని ఏండ్లకు ఏండ్లు కిరాయికి ఇయ్యచ్చు కదా. అట్ల బయటోళ్లు వచ్చి యోగా సెంటర్లు, కేఫులు పెట్టిండ్రు. కిరాయిలు పెరిగి, సొంత ఊళ్లె ఊరోళ్లకే అర్ర దొరుకుడు కష్టమైంది. దొన్యా కొడుకే పక్క ఊళ్లె ఉంటున్నడు.

నేను పోయినప్పుడు ఆరు గంటలు పట్టిన గుట్టల దారికి బదులు 2024 ఫిబ్రవరిల వహాకా నుంచి తీరానికి కొత్త హైవే తెరిచిండ్రు. ప్రయాణం సగానికి సగం తగ్గింది. దవాఖానకు పోయేటోనికి అది వరం. వారం వారం ఎగబడే జనానికి కూడ అదే దారి. మలుపుల రోడ్డు ఇన్నేండ్లు ఒక తీరుగ ఊరికి తడక లెక్క ఉండె. తడక తీసినంక ఎంతమందిని రానియ్యాలె, ఎన్ని అర్రలు కట్టాలె అని నిర్ణయం చేసే బలం ఊరి సభకు ఉండాలె. భూమి ఊరిదైతె కొట్లాడేటందుకు కాలు కింద జాగన్న ఉంటది. అది కూడ లేకుంటె కొట్లాటనే ఉండదు.

మన పోరగాళ్ల కోసరం ఆరు ప్రశ్నలు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఊరి గుట్ట మీదికి, చెరువు కాడికి రేపో మాపో ఎవడో ఒకడు ఎకో పేరు చెప్పుకుంట వస్తడు. లేకుంటె మీరే హోంస్టే పెడుదామని ఆలోచన చేస్తుండొచ్చు, చేయాలె కూడ. అప్పుడు బోర్డు చదువుకుంట కూసోకుండ్రి, ఈ ఆరు ప్రశ్నలు అడుగుండ్రి.

ఒకటి, భూమి ఎవ్వల పేరు మీద ఉంటది? అమ్ముతున్నమా, కిరాయికి ఇస్తున్నమా, ఎన్నేండ్లకు?

రెండు, సండాసు మురికి, వంట నీళ్లు ఎటు పోతయి? కాయితం మీద కాదు, చేయి పట్టి గుంత చూపియ్యాలె.

మూడు, నీళ్లు ఎక్కడివి? ఎండకాలంల ఊరి బోరు ఎండితె, వాళ్ల పూల్ నిండుతదా?

నాలుగు, నూరు రూపాయలు వస్తె అండ్ల ఎన్ని ఊళ్లె తిరుగుతయి? కూరగాయలు, పాలు, బియ్యం, మేస్త్రి, డ్రైవర్ ఎవరు?

ఐదు, ఎన్ని అర్రల కాడ ఆగాలెనో ఎవరు చెప్తరు? గ్రామసభ చెప్తదా, బ్యాంకు అప్పు చెప్తదా?

ఆరు, మన పిల్ల అక్కడ కౌంటర్ల కూసుంటదా, కౌంటర్ తుడుస్తదా? తుడుసుడు తక్కువ పని అని కాదు. తుడిచేటోళ్లకు లెక్కల పుస్తకం తెరిచి చూసే హక్కు ఉన్నదా అని.

ఈ ఆరింటికి సాఫ్ జవాబు వస్తె, మీద రేకులు ఏసినా అది ఎకోనే. రాకపోతె ఎన్ని ఆకులు కప్పినా అది రియల్ ఎస్టేట్. మసుంతె తాంబేలును కోసుడు బంద్ చేసినంక బతికింది, ఎందుకంటె భూమిని కోసి అమ్ముకోలే. మన కాడ గుట్టలను, చెరువులను కాపాడే చట్టాలు ఉన్నయి, గ్రామసభలు ఉన్నయి. అవి పలకాలంటె సభకు మీరు పోవాలె. ఎజెండల లేకున్న ఈ ఆరు ప్రశ్నలు లేపాలె, జవాబు రిజిస్టర్‌ల రాయించాలె.